రోడ్డు కింద ఖాళీ గంటలు

విజయవాడ వన్‌టౌన్‌లో మా సందు తవ్వినప్పుడు పాత పైపు ముక్కలు రెండు కోసి గట్టున పడేశారు. మొదటిది నాలుగు అంగుళాల పోత ఇనుప పైపు. లోపలికి తొంగి చూస్తే చుట్టూ గోధుమరంగు బుడిపెలు గట్టిపడి ఉన్నాయి. మధ్యలో నిమ్మకాయ పట్టేంత దారి మాత్రమే మిగిలింది. పక్కింటి పెద్దావిడ వంగి చూసి, "ఇన్నాళ్లూ మనం తాగింది ఇందులోంచి వచ్చిన నీళ్లేనా నాయనా?" అని అడిగారు. రెండో ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. అది ఇంటికి కుళాయి కనెక్షన్ ఇచ్చిన అరంగుళం జీఐ పైపు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టం, సైడు కాలువ అడుగున మురుగులో నానుతూ ఉన్నది. తుప్పుకు చిల్లు పడిన చోట ఎప్పుడో ఎవరో సైకిలు ట్యూబు చుట్టి తీగతో బిగించి కట్టారు. ఆ రబ్బరు ఎండి పగిలి ఉంది.

రెండింటిలో ఏది ప్రమాదకరం అని అడిగితే చూసినవాళ్లందరూ మొదటిదే చూపిస్తారు. నా దృష్టిలో అసలు ముప్పు రెండోది. పెద్దావిడ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే ఉంది. నగరంలో పాత పైపులు మార్చే పనిని లెక్కకట్టేటప్పుడు ఎక్కువసార్లు జారిపోయేదీ ఆ అరంగుళం ముక్కే.

మన దగ్గర తాగునీటి కష్టం నీళ్లు లేక వచ్చింది కాదు. ఊరి పక్కనే కృష్ణ ఉంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజీ వెనుక సుమారు మూడు టీఎంసీల నీరు నిలుస్తుంది. గుంటూరు వాసులు తాగేదీ కృష్ణ నీరే. నదినుంచి తోడిన నీటిలో పటిక కలిపి మట్టిని అడుగుకు దించుతారు, ఇసుక ఫిల్టర్లలో వడగడతారు, క్లోరిన్ కలిపి రిజర్వాయర్లకు ఎక్కిస్తారు. ఈ పద్ధతి పాతదే, నమ్మకమైనదే. శుద్ధి కేంద్రం గేటు దాటేటప్పుడు నీరు సాధారణంగా బాగానే ఉంటుంది. అక్కడినుంచి మన బిందెలోకి చేరేలోపు జరిగేదే ఈ కథంతా.

విజయవాడ 1888లో మునిసిపాలిటీ అయింది, 1981లో కార్పొరేషన్ అయింది. గుంటూరు మునిసిపాలిటీ ఇంకా పాతది, 1866 నాటిది. ఇలాంటి ఊళ్లలో నీటి లైన్లు ఒకేసారి వేసినవి కావు. కాలనీ పుట్టినప్పుడల్లా ఒక ముక్క, నిధులు వచ్చినప్పుడల్లా ఒక ముక్క. అందుకే ఒకే వీధిలో మొదట పోత ఇనుము, తర్వాత ఆస్‌బెస్టాస్ సిమెంటు, ఆ చివర పీవీసీ కనిపిస్తాయి. పంపిణీ లైన్లను మన ఇంజినీర్లు ముప్పై ఏళ్ల అవసరాలకు సరిపడేలా రూపొందిస్తారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతి పైపూ పనికిరాదని దీని అర్థం కాదు. మంచి పోత ఇనుము వందేళ్లు కూడా నిలుస్తుంది. వయసు ఒక్కటే చూసి పైపులు మార్చడం డబ్బు దండగ. ఎక్కడ పగులుతోంది, ఎక్కడ నీరు రంగు మారుతోంది, ఏ వీధిలో జనం జబ్బు పడుతున్నారు అన్నది చూసి వరస నిర్ణయించాలి.

పైపు ఎలా పాడవుతుందన్నది దాని రకాన్ని బట్టి ఉంటుంది. ఇనుము లోపలినుంచి తుప్పు పట్టి బుడిపెలు కడుతుంది. దీనివల్ల దారి ఇరుకవుతుంది. వ్యాసం సగమైతే వచ్చే నీరు కూడా సగమే తగ్గుతుందని అనుకుంటాం, కానీ అదే ఒత్తిడి దగ్గర సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. వీధి చివరి ఇంట్లో సన్నటి ధార పడటానికి కారణం చాలాసార్లు ఇదే. పైగా ఆ తుప్పు నీటిలోని క్లోరిన్‌ను తినేస్తుంది, బుడిపెల సందుల్లో సూక్ష్మజీవులు గూడు కట్టుకుంటాయి. ఆస్‌బెస్టాస్ సిమెంటు పైపుకు తుప్పు పట్టదు కానీ అది పెళుసు. గుంటూరు నల్లరేగడి వేసవిలో నెర్రెలిచ్చి, వానకు ఉబ్బుతుంది. ఏటా అలా కదిలే నేలలో ఆ పైపు అతుకుల దగ్గర విడిపోతుంది, ఒక్కోసారి నిలువునా పగులుతుంది. ఈ పైపులోని నీరు తాగితే క్యాన్సర్ వస్తుందేమోనని చాలామంది అడుగుతుంటారు. తాగే నీటి ద్వారా ఆస్‌బెస్టాస్ హాని చేస్తుందనడానికి నిలకడైన రుజువు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రమాదం దాన్ని కోసేవాడికి ఉంది. యంత్రపు రంపంతో పొడిగా కోస్తే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. రోడ్డు పక్కన ముక్కుకు గుడ్డ అయినా లేకుండా ఆ పైపును కోస్తున్న కూలీలను చూసినప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది. వీలైతే ఆ పాత పైపును కదపకుండా భూమిలోనే వదిలేయడం మేలు.

అమెరికాలో పాత పైపు అనగానే సీసం గుర్తొస్తుంది. మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం 2014లో నీటి వనరును మార్చింది. కొత్త నది నీటికి పైపును కొరికే గుణం ఎక్కువ. దాన్ని అదుపులో ఉంచే మందు కలపకపోవడంతో ఇళ్ల కనెక్షన్లలోని సీసం కరిగి కుళాయిలోకి వచ్చింది. మన దగ్గర ఇళ్లకు వేసినవి ఎక్కువగా జీఐ పైపులే కాబట్టి మన భయం సీసం గురించి కాదు, మురుగు గురించి. అయినా ఫ్లింట్‌లోనూ జనాన్ని దెబ్బతీసింది వీధినుంచి ఇంటికి వచ్చే చిన్న పైపే.

నీళ్లు కట్టేశాక ఏం జరుగుతుంది

పైపులో నీరు నిండుగా, ఒత్తిడితో ఉంటే చిల్లులోంచి నీరు బయటికి చిమ్ముతుంది. నీరు వృథా అవుతుంది, రోడ్డు కుంగుతుంది, కానీ బయటి మురికి లోపలికి రాలేదు. వాల్వు కట్టేయగానే పరిస్థితి తారుమారవుతుంది. పల్లంలో ఉన్న కుళాయిలు మిగిలిన నీటిని లాగేసుకుంటాయి, మెరకలో పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ అవుతున్న పైపు గాలిని పీల్చుకుంటుంది. చిల్లు గాలిలో ఉంటే గాలి, మట్టిలో ఉంటే బురద, సైడు కాలువలో మునిగి ఉంటే ఆ కాలువ నీరే లోపలికి చేరుతుంది. మళ్లీ నీళ్లు వదిలినప్పుడు అదంతా ముందుకు తోసుకొచ్చి మొదటి కుళాయిలో పడుతుంది. పొద్దున్నే రెండు బిందెలు పారబోసి మూడో బిందె పట్టుకోవడం మన ఆడవాళ్లు ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్న జాగ్రత్త. అందులో శాస్త్రం ఉంది. కానీ రంగు, వాసన పోయాక కూడా క్రిములు ఉండవచ్చు.

రోజుకు కొన్ని గంటలే నీళ్లు వచ్చే వీధిలో మిగతా గంటలన్నీ ఈ పీల్చుడు సాగుతూనే ఉంటుంది. దీనికి తోడు మోటార్లు. ధార సన్నగా వస్తోందని ఒక ఇంటివారు కుళాయి పైపుకే నేరుగా మోటారు బిగిస్తారు. అది నీటినే కాదు, లైన్‌లో ఉన్న ఒత్తిడినీ లాగేస్తుంది. నీళ్లు వచ్చే వేళలో కూడా పక్కింటి పైపులో శూన్యం ఏర్పడుతుంది. పక్కింటి కనెక్షన్‌కు కాలువలో చిల్లు ఉంటే మురుగు అటునుంచి లోపలికి చేరుతుంది. మోటారు పెట్టినవాళ్లను తిట్టడం తేలిక. చివరి ఇంట్లో పసిపిల్లలున్న తల్లికి ఆ మోటారు లేకపోతే బిందె నిండదు. ఒత్తిడి లేని లైను ఆమె చేత ఆ పని చేయిస్తోంది. తనిఖీకి వచ్చి మోటార్లు పట్టుకుపోతే నాలుగు రోజుల తర్వాత మళ్లీ మోటార్లే వస్తాయి.

గుంటూరు పాతబస్తీలో 2018 మార్చిలో అతిసార ప్రబలి ప్రాణాలు పోయాయి. తాగునీటి లైన్లలో మురుగు కలిసిందన్న మాట అప్పుడు ఊరంతా విన్నాం. ఆ తర్వాత జరిగిన హడావిడిలో అందరి దృష్టీ పగిలిన పైపు ఎక్కడుందన్న దాని మీదే నిలిచింది. పగిలిన పైపు ఒక్కటే అయితే నీరు బయటికి పోయేది. లోపలికి రావాలంటే పగులుతో పాటు ఖాళీ గంటలు కూడా కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం వైపు కాలనీలు రోజుల తరబడి మునిగినప్పుడు ఇదే సూత్రం ఇంకా పెద్ద ఎత్తున పనిచేసే ప్రమాదం ఏర్పడింది. వరద నీటి కింద ఒత్తిడి లేకుండా పడి ఉన్న పైపుకు ప్రతి బలహీనమైన అతుకూ ఒక నోరే.

ఈ ముప్పుకు అడ్డంగా నిలిచేది క్లోరిన్ ఒక్కటే. కుళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. కొద్దిపాటి కలుషితం చేరినా అది క్రిములను చంపుతుంది. మురుగు ఎక్కువగా చేరితే క్లోరిన్ అంతా దానితోనే ఖర్చయిపోతుంది. క్లోరోస్కోప్ అనే చిన్న పెట్టెతో రెండు నిమిషాల్లో ఈ పరీక్ష చేయవచ్చు. చిన్న గొట్టంలో నీరు పోసి చుక్కల మందు వేస్తే క్లోరిన్ ఉన్నదాన్ని బట్టి రంగు తేలుతుంది. రంగు రాకపోతే ఆ వీధిలో ఏదో జరుగుతోందని అర్థం. ఈ పరీక్షను ట్యాంకు దగ్గర కాకుండా లైను చిట్టచివరి ఇంట్లో, నీళ్లు వదిలిన మొదటి పది నిమిషాల్లో చేయాలి. ట్యాంకు దగ్గర ఎప్పుడు చూసినా బాగానే ఉంటుంది.

సందు వెడల్పు పదడుగులు

ఇక మార్చే పని. తాగునీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య కనీసం మూడు మీటర్ల ఎడం ఉండాలని, అది కుదరని చోట తాగునీటి పైపు మురుగు పైపు కంటే కనీసం అర మీటరు పైన ఉండాలని ఇంజినీర్లు పాటించే నియమం. మూడు మీటర్లంటే దాదాపు పదడుగులు. మా సందు మొత్తం వెడల్పే అంత. అందులోనే రెండు వైపులా సైడు కాలువలు, మధ్యలో భూగర్భ డ్రైనేజీ మ్యాన్‌హోళ్లు, పాత నీటి లైను, ఇంటింటి కనెక్షన్లు, ఇంటర్నెట్ కేబుళ్లు. కొత్త పైపుకు చోటు ఎక్కడ?

కొండల మీద ఇంకో రకం కష్టం. మొగల్రాజపురం, గుణదల, చిట్టినగర్ కొండవాలుల్లో మెట్ల పక్కనే పైపులు పైకి కనిపిస్తూ వెళ్తాయి, కొన్ని చోట్ల మెట్ల కాలువలోనే వెళ్తాయి. పది మీటర్ల ఎత్తుకు నీరు ఎక్కించాలంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి అదనంగా కావాలి. పై ఇంటికి నీరు అందేంత ఒత్తిడితో కిందినుంచి తోస్తే దిగువ వీధిలోని పాత పైపు అతుకు విడిపోతుంది. దిగువను కాపాడాలని తగ్గిస్తే పైవాళ్లకు చుక్క రాదు. అందుకే కొండకు వేరే పంపు, వేరే చిన్న ట్యాంకు, వేరే లైను ఉండాలి. కొత్త పైపు ఒక్కటే వేసి ఈ విభజన చేయకపోతే కొత్త పైపు కూడా పగులుతుంది.

పైపు రకం ఎంపిక మీద చర్చ ఎక్కువే జరుగుతుంది కానీ అది తేలికైన భాగం. పెద్ద లైన్లకు సాగే గుణమున్న ఇనుము, అంటే డీఐ పైపులు. లోపల సిమెంటు పూత ఉంటుంది కనుక బుడిపెలు కట్టవు. అతుకుల్లో రబ్బరు వలయం ఉంటుంది కనుక నేల కొద్దిగా కదిలినా తట్టుకుంటాయి. వీధి లైన్లకు హెచ్‌డీపీఈ, అంటే గట్టి రకం ప్లాస్టిక్ పైపులు. ఇంటి కనెక్షన్‌కు చుట్టగా వచ్చే పాలిథిన్ పైపు. వీధి లైనునుంచి మీటరు దాకా మధ్యలో ఒక్క అతుకు కూడా లేకుండా అది వెళ్లగలదు. అతుకు లేని చోట చిల్లుకు అవకాశం తక్కువ. దాన్ని సైడు కాలువ గుండా కాకుండా కాలువ పైనుంచి ఒక గొట్టంలో దూర్చి తీసుకెళ్తే పని సగం అయినట్టే.

కష్టమైన భాగం పాత లైను ఎక్కడుందో తెలుసుకోవడం. మా వార్డులో చాలా ఏళ్లు పనిచేసి విరమణ పొందిన ఒక టర్న్‌కాక్ ఉన్నారు. ఊళ్లో వాల్వులు తిప్పేవారిని ఆ పేరుతోనే పిలుస్తాం. ఆయనను తీసుకొచ్చి నిలబెడితే, చెప్పు కాలితో తారు మీద ఒక చోట తట్టి, "ఇక్కడ తవ్వండి, నాలుగడుగుల లోతున వాల్వు ఉంటుంది, రెండుసార్లు రోడ్డు వేయడంతో మూత కప్పబడిపోయింది" అన్నారు. తవ్వితే ఉంది. ఏ పటంలోనూ లేని వాల్వు. ఇలాంటివారు విరమణ పొందేలోపు వారి దగ్గర కూర్చుని ప్రతి వాల్వునూ పటం మీదికి ఎక్కించడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక కిలోమీటరు పైపు ధరలో వెయ్యో వంతు కూడా కాదని నా నమ్మకం. అయినా ఆ పని ఎవరికీ ముఖ్యంగా తోచదు.

పటం చేతికి వచ్చాక ఊరిని చిన్న చిన్న మండలాలుగా విడగొట్టి, ప్రతి మండలానికి నీరు ఒకే చోటునుంచి వెళ్లేలా చేసి, అక్కడ మీటరు పెట్టాలి. అర్ధరాత్రి రెండు గంటలకు, ఊరంతా నిద్రపోతున్నప్పుడు ఆ మీటరు ఎంత తిరుగుతోందో చూస్తే లీకేజీ ఎంతో దాదాపు తెలిసిపోతుంది. కాకపోతే ఆ వేళకు లైనులో నీళ్లుండాలి. నీరు వదలని వీధిలో ఈ పరీక్ష కోసమైనా కొన్ని రాత్రులు వదలాలి. మొదట మార్చాల్సిన వీధి ఏదో అప్పుడే తేలుతుంది.

లీకేజీ లెక్క కూడా ఒకసారి చేతులారా వేసి చూడాలి. 2011 జనాభా లెక్కల నాటికే విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. పది లక్షల మందికి తలా 135 లీటర్ల చొప్పున, మన ప్రమాణం ప్రకారం, రోజుకు పదమూడున్నర కోట్ల లీటర్లు. నష్టం ఇరవై శాతానికి మించకూడదని కేంద్రం నగరాలకు పెట్టిన లక్ష్యం. ఆ లక్ష్యం అందుకున్నా రోజుకు రెండు కోట్ల డెబ్భై లక్షల లీటర్లు లెక్కకు రాకుండా పోతాయి. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లయితే ఐదు వేల నాలుగు వందలు.

ఇరవై నాలుగు గంటలూ నీళ్లు ఇస్తే ఖాళీ గంటలే ఉండవు, మురుగు పీల్చడమే ఉండదు. ఒడిశాలోని పూరి 2021లో ఊరంతా కుళాయి నుంచే తాగగలిగే నీటిని రోజంతా ఇవ్వడం మొదలుపెట్టింది. సముద్రపు ఒడ్డున, ఏటా లక్షల యాత్రికులు వచ్చే ఊరు అది. మనకూ అదే దారి. కానీ వరస తప్పకూడదు. రెండు గంటలు నీరు వదిలే లైనులోని చిల్లు రెండు గంటలే కారుతుంది. అదే లైనులో రోజంతా నీరు ఉంచితే అదే చిల్లు పన్నెండు రెట్ల సేపు కారుతుంది. ట్యాంకు సాయంత్రానికే ఖాళీ అవుతుంది, మళ్లీ వంతులవారీ సరఫరాకే దిగాలి. ముందు ఇంటి కనెక్షన్లు, ఆ తర్వాత అతుకులు, ఆ తర్వాతే గంటలు.

పాత లైనుకు మూత

కొత్త లైను వేశాక నీటితో నింపి, ఒత్తిడి పెంచి కారడం లేదని తేల్చుకోవాలి. తర్వాత బలమైన క్లోరిన్ నీటిని ఒక రోజు నిలిపి, కడిగి, పరీక్షించి, అప్పుడు ఇంటింటి కనెక్షన్‌ను పాత లైనునుంచి కొత్తదానికి మార్చాలి. అందరూ మారాక పాత లైనును రెండు చివరలా కోసి మూతలు బిగించాలి. ఈ చివరి రెండు పనులే ఎక్కువగా మిగిలిపోతాయి. ఇన్ని కిలోమీటర్ల పైపు వేస్తే ఇంత సొమ్ము అని గుత్తేదారు ఒప్పందం ఉంటే కిలోమీటర్లే పూర్తవుతాయి. గుమ్మం ముందు కాంక్రీటు పగలగొట్టి, ఇంటివాళ్లతో మాట్లాడి, కాలువ దాటించి ఒక్కో కనెక్షన్ మార్చడం విసుగు పుట్టించే పని. దానికి విడిగా సొమ్ము కట్టాలి. పైపు పొడవుకు ఇచ్చే డబ్బులో కొంత భాగాన్ని, ఆ వీధిలో ఆఖరి ఇల్లు కూడా మారి పాత లైనుకు మూత పడేదాకా ఆపి ఉంచాలి.

సగం మారిన వీధి అసలు మారని వీధి కంటే ప్రమాదం. ఏదో ఒక కూడలిలో మరిచిపోయిన అతుకు ద్వారా పాత లైను కొత్తదానికి తగిలి ఉంటే, ఎవరూ చూడని ఆ పాత పైపు ఒక నిలవ గుంటలా మారుతుంది. అందులో చేరిన మురుగు కొత్త పైపులోకి వస్తుంది. కొత్త లైను వేశాక కూడా నీరు వాసన వస్తోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మీ వీధిలో పని జరుగుతుంటే వార్డు సచివాలయంలో అడగవలసిన మాటలు రెండే. మా ఇంటి కనెక్షన్ కాలువ లోంచి వెళ్తోందా, పైనుంచి వెళ్తోందా? పాత లైనును ఎక్కడ కోశారో చూపిస్తారా? రోడ్డు మళ్లీ వేయకముందే అడగాలి. సిమెంటు పడ్డాక ఎవరూ చూపించలేరు.

మా సందులో కొత్త పైపు పడింది, పరీక్షలూ అయ్యాయి, రోడ్డూ వేశారు. మూడు ఇళ్ల కనెక్షన్లు ఇంకా పాత లైను మీదే ఉన్నాయి. వాటిలో ఒకటి ఆ పెద్దావిడది. రోజూ పొద్దున్నే రెండు బిందెలు పారబోసి, మూడోది పట్టుకుని, కాచి చల్లార్చుకుని తాగుతున్నారు.